ముహూర్తాల్లేని నెల

ముందు చప్పుడు వినిపిస్తుంది. దబ్. కాస్త ఆగి మళ్లీ దబ్. కాలవ నీళ్ల మీదుగా వచ్చేసరికి అంచులు తడిసి, మెత్తబడి, ఎవరో దిండులో మొహం దాచుకుని దగ్గుతున్నట్టు ఉంటుంది. రామచంద్రపురం శివార్లలో, మూతపడిన రైసుమిల్లు పక్కనుంచి సైకిళ్ల మీద వెళ్లేవాళ్లెవరూ అటు తల తిప్పరు. నిన్న ఎక్కడో పెళ్లయిందని, విడిదింట్లో పరిచిన పరుపులు తిరిగి వచ్చాయని, తలుపులమ్మ వాటిని దులుపుతోందని వాళ్లకు తెలుసు.

మిల్లు వెనక రేకుల షెడ్డు. దాని ముందు వెదురు దండేల మీద పరుపులు. లేచిన దుమ్ము పొద్దుటి ఎండలో అలాగే నిలబడి ఉంటుంది, కింద పడడానికి తొందరేమీ లేనట్టు. అందులోంచి మొదట పేకబెత్తం, తర్వాత బెత్తం పట్టుకున్న చెయ్యి, ఆ తర్వాత మనిషి కనిపిస్తుంది. చీర మీద భర్త పాత చొక్కా. ముక్కుకీ నోటికీ తడి తువ్వాలు. తలకు గట్టిగా చుట్టిన గుడ్డ. కళ్లొక్కటే బయట. కనురెప్పల వెంట్రుకల మీద కూడా సన్నగా దుమ్ము, బూడిదరంగు పుప్పొడిలా.

తలుపులమ్మది తుని పక్క పల్లె. లోవలో కొలువున్న అమ్మవారి పేరే పెట్టుకున్నారు. పెళ్లయి ఇక్కడికి వచ్చేనాటికే సత్యప్రసాద్‌కి టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, జంపఖానాలు, పెద్ద పెద్ద గుండిగలు. అన్నిటికన్నా ఎక్కువగా పరుపులు, దిండ్లు. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా మగపెళ్లివారి విడిదికి పరుపులు ఈ ఇంటినుంచే వెళ్లేవి. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆమెకు అప్పగించిన పని, పొద్దున్నే మేడమీద పరుపులు కొట్టడం. అత్తగారు పాపాయమ్మ పక్కన నిలబడి నేర్పింది.

"అలా నిమురుతావేంటే? అది నీ మొగుడు కాదు, పరుపు. గట్టిగా వెయ్యి."

"మొగుడైతే ఇంకా గట్టిగా వేద్దునండి అత్తయ్యా!"

మెట్లెక్కి వస్తున్న సత్యప్రసాద్ ఆ మాట విని అక్కణ్ణుంచే వెనక్కి దిగిపోయాడు. ఆ ముచ్చట వీధిలో చాలా ఏళ్లు నడిచింది.

తర్వాత ఓ పెళ్లిలో అతను పందిరి గుంజ మీదనుంచి పడ్డాడు. భుజం అతుక్కుంది గానీ, కుడిచెయ్యి తల పైకి లేవడం మానేసింది. అప్పటినుంచీ బేరాలూ ట్రాలీ ఆటో అతనివి, బెత్తం ఆమెది. ఈ పనికి కూలికి కూడా ఎవరూ రారు. ఒకరిద్దరు వచ్చినా, రెండో రోజు నల్లగా ఉమ్మి, మూడో రోజు కనపడకుండా పోయారు. తలుపులమ్మకు మాత్రం ఆ దుమ్ము ఏమీ చెయ్యలేదు. ఆమెకు దగ్గు లేదు, తుమ్ము లేదు. అదే తర్వాత ఆమెను ఎక్కువ ఏడిపించింది.

పరుపు కొడితే పెళ్లి రాలేది. తలంబ్రాల బియ్యం, వాడిన మల్లెరేకులు, వక్కముక్కలు, ఎప్పుడైనా చెవిదుద్దు మర. ఎవరెవరో పడుకుని, నవ్వుకుని, అలకలు పోయి, అర్ధనిద్రలో లేచి ముహూర్తానికి పరిగెత్తిన రాత్రులన్నీ ఆ దూదిలో ఎక్కడో మిగిలి ఉండేవి. ఆమె బెత్తం వేస్తే అవి లేచి, కాసేపు ఎండలో మెరిసి, ఆమె మీదే వాలేవి.

చాలా ఏళ్లు ఎదురుచూశాక హారతి పుట్టింది.

ఆ ఇంటి ముందుగదిలో పరుపులు అటక దాకా పేర్చి ఉండేవి. గోడ ఏ రంగో ఎవరికీ గుర్తులేదు. పిల్లకు నడకొచ్చిన దగ్గర్నుంచీ దాని చోటు ఆ పరుపుల మీదే. సత్యప్రసాద్ కిటికీ పక్క దొంతరను కాస్త తక్కువ ఎత్తులో పేర్చి, పైన తెల్ల దుప్పటి పరిచి, కూతుర్ని ఎత్తి కూచోబెట్టేవాడు. "మా మహారాణీ వారండి. నేల మీద కాలు పెట్టరు," అనేవాడు బేరానికి వచ్చినవాళ్లతో. పిల్ల దిండు గలేబుల్లో వెతికి తలంబ్రాల గింజలు ఏరి డబ్బాలో దాచుకునేది. రాత్రి ఆ పరుపుల మీదే తల్లి పక్కన పడుకుని, ఆమె జడ చివర వేలికి చుట్టుకుని నిద్రపోయేది. తలుపులమ్మ జడ నడుం దాటి ఉండేది. అర్ధరాత్రి పక్కకు ఒత్తిగిలాలంటే ముందు ఆ చిన్న వేలి నుంచి జడ విప్పుకోవాలి. చాలాసార్లు ఆమె విప్పుకోలేదు. అలాగే ఒకే పక్కన పడుకుని తెల్లారనిచ్చింది.

హారతికి మూడేళ్లప్పుడు పిల్లికూతలు మొదలయ్యాయి. నిద్రలో గుండె లోపల ఎక్కడో పిల్లిపిల్ల తప్పిపోయి అరుస్తున్నట్టు సన్నని చప్పుడు. పొద్దున లేస్తూనే వరసగా తుమ్ములు, ఎర్రబడ్డ కళ్లు. ఇంట్లో అందరూ చలవ అన్నారు. పెరుగు మాన్పించారు. అరటిపండు మాన్పించారు. కొబ్బరినీళ్లు దగ్గరకు రానివ్వలేదు. పాపాయమ్మ సాయంత్రమయ్యేసరికి కిటికీలన్నీ మూసి సాంబ్రాణి వేసేది. ఆ పొగలో ఆమెకే ఆయాసం వచ్చినా, పిల్ల మంచికే కదా అని ఓర్చుకునేది.

"బళ్లో బాగానే ఉంటుందమ్మా మీ పిల్ల. ఇంటికెళ్తేనే ఏంటి దీనికి?" అని టీచరమ్మ ఒకసారి అడిగింది.

"దిష్టండి," అంది పాపాయమ్మ. "మా వీధిలో కళ్లు మంచివి కావు."

నేల చెమ్మ తగులుతోందేమోనని సత్యప్రసాద్‌కి అనుమానం. డెల్టా నేల, వానాకాలం వస్తే గచ్చు కూడా చెమర్చుతుంది. పిల్లకు ఆయాసం ఎక్కువైన ప్రతిసారీ, అతను ఆ దొంతర మీద ఇంకో పరుపు వేసేవాడు. ఎడమచేత్తోనే లాగి, వేసి, దుప్పటి సర్ది, పిల్లను పైకెత్తేవాడు. అలా పెరిగి పెరిగి ఆ పక్క ఏడు పరుపుల ఎత్తు అయింది.

పిల్లకు ఆరేళ్లు నిండిన మాఘమాసం. ఊళ్ల నిండా పెళ్లిళ్లు. పొద్దున్నే మేడ మీద పరుపులు పిట్టగోడ పొడుగునా వేసి తలుపులమ్మ కొడుతోంది. తలంబ్రాలు ఏరుకోవడానికి హారతి కూడా పైకి వచ్చి, దుమ్ములో నిలబడి గలేబులు ఊడదీస్తోంది. దబ్, దబ్ మధ్య ఉండే ఆ కాస్త నిశ్శబ్దంలో ప్రతిసారీ కూతురి గొణుగుడు వినిపించేది. ఒకసారి వినిపించలేదు. తలుపులమ్మ బెత్తం ఎత్తినదల్లా ఆగి చూసింది. పిల్ల దిండు మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి ఉంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. మెడ దగ్గర గుంట లోపలికి పోతోంది, వస్తోంది. నోరు తెరిచి ఉంది, అందులోకి ఏమీ వెళ్లడం లేదు.

ట్రాలీ ఆటోలో తీసుకెళ్లారు. ఊళ్లో డాక్టరు మందు పొగ పట్టించి ఊపిరి నిలబెట్టాడు. తర్వాత రాజమండ్రిలో పిల్లల డాక్టరు గారి దగ్గరకు పంపాడు. ఆవిడ చేతి మీద చుక్కలు చుక్కలుగా ఏవో మందులు వేసి, సూదితో తాకి, కాసేపు కూచోమంది. ఒక చుక్క దగ్గర చర్మం దోమ కుట్టినట్టు ఉబ్బింది.

"పాప దేని మీద పడుకుంటుంది?" అని అడిగింది డాక్టరు.

సత్యప్రసాద్ కుర్చీలో నిటారుగా కూచున్నాడు. ఇంత పెద్ద డాక్టరుకు తాను చెప్పగలిగిన మంచి మాట ఒకటి దొరికింది.

"పడక విషయంలో లోటు చెయ్యలేదండి. మాది టెంట్ హౌసండి. ఏడు పరుపుల మీద పడుకుంటుందండి మా పాప."

డాక్టరు కలం పక్కన పెట్టేసింది.

ఆవిడ కోప్పడలేదు. నెమ్మదిగానే చెప్పింది. పాత పరుపుల్లో, దిండ్లలో డస్ట్ మైట్స్ అని కంటికి కనపడని పురుగులుంటాయని, చెమ్మగా ఉక్కగా ఉండే మన ఊళ్లంటే వాటికి ఇష్టమని, మనిషి ఒంటి మీంచి రాలే పొట్టు తిని బతుకుతాయని, అవి కుట్టవని, వాటి మలమే ధూళిలో కలిసి లేచి ఈ పిల్లకు పడటం లేదని. పరుపులు ఇంట్లో ఉండకూడదు. దులపడం అసలే కూడదు, దులిపితే ఉన్నదంతా గాల్లోకి లేస్తుంది. పాప పరుపుకీ దిండుకీ జిప్పున్న తొడుగులు వెయ్యాలి. దుప్పట్లు వారం వారం సలసల కాగే నీళ్లలో ఉతకాలి. పొడి చీపురు వద్దు, తడిగుడ్డ. పొగ వద్దు.

"ఈ పీల్చే మందు రోజూ వాడాలి. అలవాటైపోతుందని మధ్యలో ఆపేస్తారు చాలామంది. ఆపకండి."

తలుపులమ్మ కాస్త ముందుకు జరిగింది. "ఆ పొట్టు ఎవరిదండీ?" అంది.

"ఎవరిదేంటమ్మా?"

"అదేనండి. ఆ పురుగులు తినేది. మా పరుపుల మీద ఎంతమంది పడుకున్నారో."

డాక్టరు మందుల చీటీ రాసి చేతికిచ్చింది. బస్సులో తిరిగి వస్తుంటే తలుపులమ్మ కిటికీలోంచి చూస్తూ కూచుంది. దారి పొడుగునా కల్యాణమండపాలు. మండపేటలో ఒకటి, ఆలమూరు దారిలో ఒకటి. గుమ్మాలకు అరటిబోదెలు. ఇన్నేళ్ల పెళ్లిళ్లన్నీ, చూడని ఊళ్లలో పడుకున్న మొహం తెలియని చుట్టాలందరూ, కొంచెం కొంచెంగా తన పిల్ల గుండెలోకి వెళ్లి కూచున్నారు. వాళ్లను లేపి పంపింది తనే.

మర్నాడు సత్యప్రసాద్ ముందుగది ఖాళీ చేశాడు. ఒంటిచేత్తో ఈడ్చి, ట్రాలీ నింపి, కాలవగట్టు మిల్లు వెనక షెడ్డులో దించాడు. సాయంత్రానికి గదిలో పరుపుల ఆకారాలు మాత్రం గోడకు మరకలుగా మిగిలాయి. గోడ రంగు లేత నీలమని అప్పుడు తెలిసింది. పరదాలు తీసేశారు. గుడ్డ ఎలుగుబంటిని కాగే నీళ్లలో వేస్తే కళ్లు ఊడొచ్చాయి. పాపాయమ్మ సాంబ్రాణి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"దేవుడికి కూడా పొగ పడట్లేదంటావేంటిరా?"

"దేవుడికి ఉబ్బసం లేదమ్మా. పిల్లకుంది. కావాలంటే తులసికోట దగ్గర వేసుకో."

"ఆయ్. నన్ను కూడా తులసికోట దగ్గర వేసెయ్." అన్నదే గానీ, మర్నాటినుంచీ గిన్నె పెరట్లోకి వెళ్లిపోయింది. దుప్పట్లు ఉడకబెట్టే పని తనే తీసుకుంది. పెళ్లిళ్లలో పులిహోరకు అన్నం వార్చే గుండిగలో, పుల్లల పొయ్యి మీద, వారం వారం హారతి దుప్పట్లు ఉడికేవి. "వడ్డించమంటారా?" అని వీధిలోవాళ్లను ఆటపట్టించేది.

రెండు నెలలకు పిల్లికూతలు ఆగాయి. తలుపులమ్మ రాత్రిపూట కూతురి మంచం పక్కన కూచుని ఏమీ లేని చప్పుడు వినేది. ఊపిరి వస్తోంది, పోతోంది, దారిలో ఎవరూ లేని గాలిలా. ఆ నిశ్శబ్దం ఎంత వింటే అంత కావాలనిపించేది.

మరి రెండో చప్పుడు, బెత్తం చప్పుడు, ఆగదు కదా. పరుపులు ఇల్లు వదిలాయి గానీ, ఇల్లు పరుపుల మీదే బతకాలి. తలుపులమ్మ రోజూ షెడ్డుకు వెళ్లేది. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు ఆమె పని ఏంటో తెలుసుకుని ఒక్క మాట అంది. "మీ బట్టల మీద, జుట్టులో కూడా వస్తుందమ్మా. స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే పాపను దగ్గరకు తీసుకోండి."

అంతే. చిన్న మాట.

మొదటి రోజు సాయంత్రం ఆమె పెరటిదారిన వస్తుంటే హారతి ఎప్పటిలా "అమ్మా!" అని చేతులు చాచి పరిగెత్తుకొచ్చింది. తలుపులమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"రాకు! రాకమ్మా, అక్కడే ఉండు. స్నానం చేసొస్తా."

పిల్ల ఆటనుకుంది. నవ్వుతూ ఇంకో అడుగు వేసింది. తలుపులమ్మ ఈసారి అరిచింది. ఆ అరుపుకు పిల్ల నిలబడిపోయిన తీరు, చేతులు చాచినవి అలాగే కాసేపు గాలిలో ఉండి, తర్వాత ఒక్కొక్కటీ దిగిన తీరు, ఆమె స్నానాలగదిలో నీళ్లు పోసుకుంటున్నంతసేపూ కళ్ల ముందే ఉంది. చెంబు వెంట చెంబు తొందరగా గుమ్మరించుకుని, తడిచీర సగం చుట్టుకుని వచ్చేసరికి పిల్ల నానమ్మ దగ్గర అన్నం తింటోంది.

పెళ్లిళ్ల రోజుల్లో లోడు వెంట లోడు వచ్చేది. ఒక రోజులోనే ఎన్నోసార్లు స్నానం. జుట్టు ఆరేది కాదు. రాత్రి జడ తడిగా, బరువుగా, చల్లగా ఉండేది. పిల్ల వేలికి చుట్టుకోబోయి "ఛీ, చల్లగా ఉంది" అని వదిలేసేది. తలుపులమ్మకు జ్వరాలు పట్టుకున్నాయి. మరి తడపకపోతే దుమ్ము. కూతురు బాగుంటే తలనీలాలిస్తానని ఎలాగూ మొక్కి ఉంది. అన్నవరం వెళ్లింది.

"ముత్తైదువ్వి, మూడు కత్తెర్లిస్తే చాలదా?" అంది పాపాయమ్మ రత్నగిరి మెట్ల మీద కూలబడి.

"స్వామికిచ్చేది ఎలా ఉన్నా, దుమ్ముకి జాగా ఉండకూడదండి అత్తయ్యా."

మంగలి కత్తి నుంచి జడ జడగానే పళ్లెంలోకి జారింది. హారతి నాన్న చంకలోంచి చూసింది. గుండు మీద గంధం రాసుకుని తల్లి పక్కన పడుకుంటే, ఆ రాత్రి సత్రంలో నిద్రమత్తులో పిల్ల చెయ్యి ఆమె మెడ వెనక వెతికింది. భుజం మీద వెతికింది. ఏమీ దొరక్క, దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. తలకు గట్టిగా గుడ్డ చుట్టుకుంటే సరిపోయేదని తలుపులమ్మకు తట్టడానికి ఇంకో ఏడాది పట్టింది.

అలాంటి రోజుల్లో ఆషాఢం వచ్చింది.

టెంట్ హౌస్ వాళ్లకు ఆషాఢం అంటే పస్తుల నెల. ముహూర్తాలుండవు. సత్యప్రసాద్ పంచాంగం తిరగేసి, ముందు మూఢం తర్వాత ఆషాఢం వస్తే పంతుల్ని తిట్టుకునేవాడు. తలుపులమ్మకు మాత్రం ఆ నెల ఆకాశం మీద రాసిపెట్టినట్టు కనిపించేది. పరుపులు రావు. దుమ్ము లేదు. ఊళ్లో కొత్త పెళ్లికూతుళ్లంతా ఆషాఢానికని పుట్టిళ్లకు వచ్చి, తల్లుల ఒళ్లో తలపెట్టుకుని పడుకునే నెల. ఆమె కూడా తన బట్టలన్నీ గుండిగలో ఉడకబెట్టి, షెడ్డుకు తాళం వేసి, ఇంటికి వచ్చేసేది. ఆ మొదటి ఆషాఢంలో హారతి ఆమె ఒళ్లోంచి దిగలేదు. బయట వాన. గోదారి ఎర్రనీళ్లు కాలవల్లోకి వచ్చాయని ఎవరో చెప్పుకుంటున్నారు. పిల్ల ఆమె మెడలో మొహం దాచుకుని, "ఇప్పుడు వాసన లేదమ్మా నీకు," అంది. వాసన ఉండేదని తలుపులమ్మకు అంతవరకు తెలియదు.

శ్రావణం వచ్చింది. మళ్లీ దబ్, దబ్. మళ్లీ "రాకు."

మొదట్లో ఆ మాట తనే అనేది. తర్వాత చెయ్యి ఎత్తితే చాలు. ఆ తర్వాత అదీ అక్కర్లేకపోయింది. పిల్ల తెలివైనది. పెరటి తలుపు చప్పుడు కాగానే తనే రెండడుగులు పక్కకు జరిగేది. "ఎంత బుద్ధిమంతురాలో!" అనేది పాపాయమ్మ. మందు పీల్చడం, నోరు పుక్కిలించడం, పరుపు తొడుగు జిప్పు చూసుకోవడం, అన్నీ హారతి తనే చేసుకునేది. పక్కింట్లో పరుపు దులుపుతుంటే లేచి కిటికీ మూసేది.

నిరుడు బళ్లో ఆటలపోటీలు పెట్టారు. హారతి పరుగుపందెంలో ఉందని చెప్తే తలుపులమ్మ షెడ్డునుంచి తిన్నగా వచ్చేసింది, ఇంటికెళ్లి వస్తే అందుకోలేనని. మైదానం చివర చింతచెట్టు కింద, గాలి తననుంచి పిల్లల వైపు వీచని చోటు చూసుకుని నిలబడింది. ఈల వేశారు. తన పిల్ల అలా పరిగెత్తడం ఆమె మొదటిసారి చూసింది. ఒకప్పుడు మెట్లెక్కితే కూలబడే పిల్ల, నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, గాలికి బాకీ లేనట్టు పరిగెత్తింది. ముందుగా వచ్చింది. స్టీలు కప్పు ఇచ్చారు. అది పట్టుకుని తల్లి కోసం వెతికి, చెట్టు కింద చూసి, అదే వేగంతో వచ్చింది. తలుపులమ్మ చేతులు తనకు తెలియకుండానే కొంచెం లేచాయి.

హారతి దూరంగానే ఆగింది. ఎవరూ ఆగమనలేదు. నేల మీద గీత ఏదో ఉన్నట్టు సరిగ్గా ఆగి, కప్పు పైకెత్తి, "చూశావామ్మా? ఫస్ట్!" అని చూపించి, పిల్లల్లోకి పరిగెత్తింది.

ఆ సాయంత్రం సత్యప్రసాద్ వీధి వీధంతా మిఠాయి పంచాడు. తలుపులమ్మ కప్పును చీరచెంగుతో తుడవబోయి, ఆగి, తడిగుడ్డ తెచ్చి తుడిచింది.

ఈ ఏడు ఆషాఢం కోసం ఆమె ఎదురుచూసినంతగా ఎవరూ దేనికోసమూ చూసి ఉండరు. జుట్టు మళ్లీ భుజాలు దాటింది, చిన్న జడ వేసుకునేంత ఉంది. షెడ్డు కడిగి తాళం వేసింది. బట్టలు ఉడకబెట్టింది. కుంకుడురసంతో తలంటుకుని, ఆరబెట్టుకుని, జడ వేసుకుని, లేత నీలం గోడల గదిలోకి వెళ్లి మంచం మీద కూచుంది. హారతి కింద చాప మీద లెక్కలు చేసుకుంటోంది. వాన పడుతోంది. నానమ్మ వంటింట్లో పెసలు వేయిస్తున్న వాసన.

"రా అమ్మా," అంది తలుపులమ్మ.

హారతి తలెత్తి చూసింది. "ఎందుకమ్మా?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. అలక లేదు. నిజంగానే తెలియక అడిగింది.

తలుపులమ్మ దువ్వెన అందుకుంది. "ఏం లేదు. తల దువ్వుదామని."

"దువ్వేసుకున్నానుగా." హారతి రెండు జడలూ ముందుకు వేసి చూపించింది. తర్వాత తల్లి మొహంలో ఏదో కనిపించినట్టుంది, పుస్తకం మూసి లేచింది. వచ్చి పక్కన కూచుంది. కూచుంది గానీ, ఇద్దరి మధ్య ఒక దిండు పట్టేంత జాగా ఉంది. తలుపులమ్మ ఆ జాగా మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. పిల్ల ఆ చెయ్యి వైపు చూసి, అది ఎందుకుందో అర్థం కాక, మర్యాదగా కాసేపు కూచుని, "హోంవర్క్ ఉందమ్మా," అని దిగి వెళ్లిపోయింది.

నెలంతా ఆమె ప్రయత్నించింది. పూతరేకులు తెప్పించింది. కథలు చెప్పింది. పిల్ల వింది, నవ్వింది, తిన్నది, రాత్రి తన మంచం మీద, జిప్పు వేసిన తొడుగు మీద, దుప్పటి అంచు వేలికి చుట్టుకుని పడుకుంది. ఊపిరి చప్పుడు లేకుండా వస్తూ పోతూ ఉంది. తలుపులమ్మ జడ విప్పి తన చేతిలో పెట్టుకుని, ఆ ఊపిరి వింటూ కూచుంది. తను అడిగిందల్లా దేవుడు ఇచ్చాడు. అడగడంలో ఏది మర్చిపోయిందో మాత్రం ఇప్పుడు తెలుస్తోంది.

శ్రావణం వచ్చింది. తాళం తీసింది.

ఇదంతా ఆమె షెడ్డులోనే చెప్పింది, పరుపులు కొట్టడం మధ్యమధ్య ఆపి. ఈ కథ రాసుకోవడానికి వచ్చిన మనిషికి కూచోవడానికి అక్కడ వేరే ఏమీ లేక, పేర్చిన పరుపుల మీదే కూచోబెట్టింది. చెప్పడం అయ్యాక ఇంటికి రమ్మంది, టీ తాగి వెళ్దురు గానీ అని. పెరటిదారిన వెళ్లి, చాలాసేపు నీళ్లు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని ముందువైపు వచ్చింది. లోపల గదిలో చాప మీద హారతి బొమ్మ వేసుకుంటోంది. ఎవరో వచ్చారని తలెత్తి నవ్వింది. పలకరిద్దామని వచ్చిన మనిషి చెప్పులు విప్పి గుమ్మం దాటబోతే, తలుపులమ్మ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. ఎన్నో ఏళ్లుగా ఒకే పని చేసిన చెయ్యి, దానంతట అదే లేచింది.

"ఏమనుకోకండి బాబూ, మీరు అరుగు మీదే కూచోండి. ఇందాక పరుపుల మీద కూచున్నారు కదండీ. పిల్ల దగ్గరికి వెళ్లకండి."